మాటా పనీ: నిప్పురవ్వ వేళకు పడాలి

ఈ నెల శీర్షిక ఒక ఉత్తరంతో మొదలు పెడుతున్నాను. రాసింది మన పాఠకురాలే. పేరు రాయను. ఒక పేజీ నిండా తెలుగులోనే రాసింది, అందుకు ముందుగా శభాష్. ఆమె అడిగింది ఇది:

తాతగారి ఎం.జి.బి. కారు ఇంట్లో ఉంది. 1965 మోడలు. తాతగారు పోయి నాలుగేళ్లయింది. కారు స్టార్టు అవుతుంది, నీలి పొగ రాదు, కాని ఫీల్డ్స్ హిల్ ఎక్కేటప్పుడు లాగదు. కొనడానికి వచ్చిన మనిషి కాస్త దూరం నడిపి చూసి, "ఇంజను అయిపోయింది" అని సగం ధర చెప్పాడు. నాన్నగారు ఈ నెలాఖరుకు ఇచ్చేద్దామంటున్నారు. నిజంగా ఇంజను అయిపోయిందా?

అమ్మాలా, ఉంచుకోవాలా అన్నది మీ ఇంటి మాట. అందులో నేను వేలు పెట్టను. కాని "అయిపోయింది" అన్న మాటను ఊరికే నమ్మకండి. స్టార్టు అవుతూ, పొగ రాకుండా, కొండ మీద మాత్రం నీరసపడే పాత ఇంజనులో మొదట చూడవలసింది టైమింగు. దానికి ఒక గంట పని, ఒక చిన్న బల్బు చాలు. ఆ గంట గడిచాక ధర మాట్లాడుకోవచ్చు.

అందుకే ఈ నెల పాఠం ఆ గంట పని గురించే. ఇంట్లో పాత కారు లేనివాళ్లు కూడా చదవండి. మాటలు అందరికీ పనికొస్తాయి.

మొదట మాటలు

గుడి బడిలో మాకు ఎద్దుల బండి గురించి పాఠం ఉండేది. కాడి, నొగ, ఇరుసు, చక్రం అన్నీ నేర్చుకున్నాం. కారు గురించి పాఠం లేదు. దానికి మీరు కంగారు పడవద్దు. ఆంధ్రలో మెకానిక్కులు కూడా ప్లగ్గు, పాయింట్లు, కాయిలు, టైమింగు అనే అంటారు. వస్తువుల పేర్లు అలాగే ఉండనివ్వండి. మనం నేర్చుకోవలసింది క్రియలు. కారు పనిలో తెలుగు అంతా క్రియల్లోనే ఉంది.

ఈ జంటలు చూడండి:

తిప్పుతాం, తిరుగుతుంది.
తెరుస్తుంది, తెరుచుకుంటాయి.
వెలిగిస్తాం, వెలుగుతుంది.
అంటిస్తుంది, అంటుకుంటుంది.
కదుపుతాం, కదులుతుంది.

జంటలో మొదటి మాట ఎవరో చేసే పని. రెండో మాట దానంతట అది జరిగేది. ఇంగ్లీషులో చాలాసార్లు ఒకే మాట ఈ రెండు పనులూ చేస్తుంది. అందుకే మన పిల్లలు "తలుపు తెరిచింది" అంటారు. తలుపు దేన్ని తెరిచింది? తలుపు తెరుచుకుంది. ఇంజనులో ఈ తేడా చాలా ముఖ్యం. ఏది చేస్తోంది, ఏది జరుగుతోంది అని తెలియకపోతే తప్పు ఎక్కడుందో కనిపెట్టలేం.

ఇంకో రెండు మాటలు: సవ్యదిశ, అపసవ్యదిశ. గుడి చుట్టూ ప్రదక్షిణం చేసే వైపు సవ్యదిశ. గడియారం ముల్లు తిరిగేది కూడా అటే. దానికి ఎదురు వైపు అపసవ్యదిశ.

రవ్వ ముందే ఎందుకు పడాలి?

ఎం.జి.బి. ఇంజను 1798 సి.సి. నాలుగు సిలిండర్లు. ఒక్కో సిలిండరు నాలుగు పనులు చేస్తుంది: పీలుస్తుంది, నొక్కుతుంది, మండుతుంది, వదులుతుంది. గాలీ పెట్రోలూ కలిపి పీల్చి, పిస్టను పైకి వస్తూ వాటిని నొక్కుతుంది. అప్పుడు ప్లగ్గు దగ్గర నిప్పురవ్వ పడుతుంది. మంట పిస్టనును కిందికి తోస్తుంది.

పిస్టను సరిగ్గా పైకి చేరాక రవ్వ పడితే చాలదా? చాలదు. మంట ఒక్కసారిగా అంటుకోదు. ప్లగ్గు దగ్గర మొదలై సిలిండరంతా పాకడానికి కొంచెం సమయం పడుతుంది. మంట బలం పూర్తిగా వచ్చే వేళకు పిస్టను పైనుంచి అప్పుడే కిందికి దిగుతూ ఉండాలి. అందుకని రవ్వ కాస్త ముందే పడాలి.

ఊయల ఊపడం గుర్తు చేసుకోండి. ఊయల మన వైపు వచ్చి, ఆగి, వెనక్కు మళ్లుతుంది. అది మళ్లగానే తోస్తే పైకి పోతుంది. ఇంకా మన వైపు వస్తుండగానే తోస్తే చేతికి దెబ్బ. చాలా దూరం వెళ్లిపోయాక తోస్తే మన బలం గాలికే పోతుంది. ఇంజనులోనూ అంతే. రవ్వ మరీ ముందు పడితే పైకి వస్తున్న పిస్టనుకు ఎదురుదెబ్బ. ఆలస్యంగా పడితే బలం పొగగొట్టంలోకి వేడిగా పోతుంది. ఇంజను వేడెక్కుతుంది, కొండ దగ్గర లాగదు.

ఎంత ముందు? ఒక లెక్క చేద్దాం. మంట పాకడానికి సెకనులో వెయ్యింట రెండు వంతులు పడుతుంది అనుకుందాం. ఇంజను నిమిషానికి 600 చుట్లు తిరుగుతుంటే సెకనుకు 10 చుట్లు, అంటే 3600 డిగ్రీలు. ఆ కొద్ది సమయంలో క్రాంకు సుమారు 7 డిగ్రీలు తిరుగుతుంది. అదే ఇంజను నిమిషానికి 3000 చుట్లు తిరిగితే 36 డిగ్రీలు తిరుగుతుంది. సమయం అంతే, కాని తిరిగే దూరం ఐదు రెట్లు.

అందుకని వేగం పెరిగేకొద్దీ రవ్వ ఇంకా ముందుకు జరగాలి. ఆ పని డిస్ట్రిబ్యూటరు చేస్తుంది. దాని అడుగున రెండు చిన్న బరువులు, రెండు స్ప్రింగులు ఉంటాయి. వేగం పెరిగితే బరువులు బయటికి జరిగి రవ్వను ముందుకు తెస్తాయి. పక్కన ఒక వాక్యూం డబ్బా కూడా ఉంటుంది. యాక్సిలరేటరు కొంచెమే తొక్కి హాయిగా పోతున్నప్పుడు అది ఇంకొంత ముందుకు తెస్తుంది. మనం చేసేది మొదటి అడుగు సరిచేయడం మాత్రమే. మిగతా అడుగులు డిస్ట్రిబ్యూటరు వేస్తుంది.

పాయింట్ల సందు

ఇప్పుడు పనిలోకి వద్దాం. కావలసినవి: స్పానర్లు, స్క్రూడ్రైవరు, ఫీలర్ గేజి, 12 వోల్టుల చిన్న బల్బు, దానికి రెండు వైర్లు, ఒక సుద్దముక్క. తోయడానికి ఒక మనిషి. ఇంజను చల్లగా ఉండాలి. నేల చదునుగా ఉండాలి.

డిస్ట్రిబ్యూటరు మూత తీయండి. రోటరు పైకి లాగితే వస్తుంది. కింద రెండు చిన్న పాయింట్లు కనిపిస్తాయి. మధ్యలో ఉన్న కామ్‌కు నాలుగు మూలలు ఉంటాయి. మూల వచ్చినప్పుడల్లా కామ్ పాయింట్లను తెరుస్తుంది. పాయింట్లు తెరుచుకోగానే కాయిలులో కరెంటు తెగుతుంది. కరెంటు తెగిన ఆ క్షణానే రవ్వ పుడుతుంది. ఇది బాగా గుర్తుంచుకోండి: కలిసినప్పుడు కాదు, విడిపోయినప్పుడు రవ్వ.

కామ్‌కు ఆనుకొని ఉండే చిన్న మడమ రోజులు గడిచేకొద్దీ అరుగుతుంది. మడమ అరిగితే సందు తగ్గుతుంది. సందు తగ్గితే పాయింట్లు ఆలస్యంగా తెరుచుకుంటాయి. అంటే రవ్వ ఆలస్యం. ఎవరూ ఏమీ ముట్టుకోకపోయినా కారు నెమ్మదిగా నీరసపడుతుంది. పట్టించుకునే చెయ్యి లేని నాలుగేళ్లలో మీ తాతగారి కారుకు జరిగింది ఇదే కావచ్చు.

మడమ కామ్ మూల మీదికి వచ్చేదాకా ఇంజను తిప్పండి. అప్పుడు సందు అన్నిటికంటే ఎక్కువగా ఉంటుంది. ఆ సందు 0.014 నుంచి 0.016 అంగుళం, అంటే 0.35 నుంచి 0.40 మిల్లీమీటరు ఉండాలి. 0.015 ఫీలరు పెట్టి చూడండి. మెల్లగా రాసుకుంటూ పోవాలి, ఇరుక్కోకూడదు. తేడా ఉంటే కదలని పాయింటు స్క్రూ వదులు చేసి, జరిపి, మళ్లీ బిగించండి. బిగించాక మళ్లీ కొలవండి, బిగించేటప్పుడు కదిలి ఉండవచ్చు. పాయింట్ల ముఖాలు కాలి గుంటలు పడి ఉంటే కొత్తవి వేయండి.

వరుస తప్పవద్దు. సందు ముందు, టైమింగు తరవాత. సందు మార్చిన ప్రతిసారీ టైమింగు కూడా మారుతుంది కాబట్టి.

బల్బుతో టైమింగు

నాలుగు ప్లగ్గులూ తీసేయండి. ప్లగ్గు తీగలకు నంబర్లు వేసుకోండి. రేడియేటరు వైపు ఉన్నది ఒకటో సిలిండరు. రవ్వ పడే వరుస 1, 3, 4, 2. కారును నాలుగో గేరులో పెట్టి, హ్యాండ్‌బ్రేకు వదిలి, మెల్లగా ముందుకు తోస్తే ఇంజను తిరుగుతుంది. ఒకటో ప్లగ్గు రంధ్రం మీద బొటనవేలు పెట్టండి. లోపలి గాలి వేలిని బయటికి తోస్తే పిస్టను నొక్కుతూ పైకి వస్తున్నట్టు. వేలు తీసి, ఇక పుల్లీని చూడండి.

క్రాంకు పుల్లీ అంచు మీద ఒక చిన్న గాటు ఉంటుంది. దాన్ని సుద్దతో తెల్లగా చేయండి. దాని పక్కన ఇంజనుకు మూడు ముళ్లు ఉంటాయి. 1965 కారులో ఇవి పుల్లీ కిందివైపు ఉంటాయి, కాబట్టి వంగి చూడాలి. ఎదురుగా నిలబడి చూస్తే పుల్లీ సవ్యదిశలో తిరుగుతుంది. తిరుగుతూ గాటు మొదట 10 డిగ్రీల ముల్లు దగ్గరికి, తరవాత 5 డిగ్రీల ముల్లు దగ్గరికి, చివరికి పిస్టను పూర్తిగా పైకి చేరిన ముల్లు దగ్గరికి వస్తుంది.

మీ ఇంజను నంబరు చూడండి. అది 18జి, 18జిఎ, లేదా 18జిబి అని మొదలై, తరవాత హెచ్ అక్షరం ఉంటే ఎక్కువ కంప్రెషన్ ఇంజను. దానికి 10 డిగ్రీలు ముందు. ఎల్ అక్షరం ఉంటే 8 డిగ్రీలు. తరవాతి ఇంజన్లకు లెక్కలు వేరు, వాటి పుస్తకం చూడాలి. అబింగ్డన్‌లో ఈ కారును 1962 నుంచి 1980 దాకా తయారు చేశారు. అన్నేళ్లలో ఇంజను చాలాసార్లు మారింది.

మీది 10 డిగ్రీలదే అనుకుందాం. గాటు 10 ముల్లుకు ఎదురుగా రాగానే ఆపండి. దాటిపోతే కొంచెం వెనక్కు లాగి సరిపెట్టవద్దు. బాగా వెనక్కు తీసుకెళ్లి మళ్లీ ముందుకు రండి. లోపలి గొలుసులో వదులు ఉంటుంది. వెనక్కు లాగి ఆపితే ఆ వదులు లెక్కలోకి వచ్చి మోసం చేస్తుంది.

రోటరు పెట్టి చూస్తే అది ఒకటో తీగ వైపు చూపించాలి. ఇప్పుడు బల్బు ఒక వైరు డిస్ట్రిబ్యూటరుకు కాయిలు నుంచి సన్న తీగ వచ్చే చోట తగిలించండి. రెండో వైరు ఇంజను ఇనుముకు తగిలించండి. తాళం తిప్పండి. పాయింట్లు కలిసి ఉంటే బల్బు వెలగదు. అవి తెరుచుకుంటే వెలుగుతుంది. మన కళ్లు పట్టలేని క్షణాన్ని బల్బు పట్టుకుంటుంది.

డిస్ట్రిబ్యూటరు కింద బిగింపు బోల్టు వదులు చేయండి. మొత్తం డిస్ట్రిబ్యూటరును బల్బు ఆరేదాకా అపసవ్యదిశలో తిప్పండి. ఇప్పుడు పాయింట్లు కలిశాయి. ఇక చాలా మెల్లగా సవ్యదిశలో తిప్పండి. బల్బు వెలిగిన క్షణాన చెయ్యి ఆపండి. అక్కడే బోల్టు బిగించండి.

ఎటు తిప్పితే ముందు, ఎటు తిప్పితే ఆలస్యం? బట్టీ పట్టవద్దు, ఆలోచించండి. పైనుంచి చూస్తే ఈ ఇంజనులో రోటరు అపసవ్యదిశలో తిరుగుతుంది. డిస్ట్రిబ్యూటరును దానికి ఎదురుగా, సవ్యదిశలో తిప్పితే కామ్ మూల పాయింట్లను తొందరగా కలుస్తుంది. రవ్వ ముందుకు వస్తుంది. రోటరుతో పాటే తిప్పితే కామ్ వెంటపడి అందుకోవాలి. రవ్వ ఆలస్యమవుతుంది. ఎదురు వెళ్తే ముందే కలుస్తాం, వెంట వెళ్తే ఆలస్యంగా కలుస్తాం. ఏ కారుకైనా ఇదే న్యాయం.

ఇంకో మాట. క్రాంకు రెండు చుట్లు తిరిగితే డిస్ట్రిబ్యూటరు ఒక్క చుట్టే తిరుగుతుంది. అందుకని డిస్ట్రిబ్యూటరును మీరు ఒక్క డిగ్రీ తిప్పితే క్రాంకు లెక్కలో రెండు డిగ్రీలు మారుతుంది. వెంట్రుక వాసి కదపండి. ఈ ఏటి కారులో వాక్యూం డబ్బా దగ్గర చిన్న మర కూడా ఉంటుంది, చేత్తోనే తిప్పవచ్చు. దాని మీద ఎ, ఆర్ అని ఇంగ్లీషు అక్షరాలు ఉంటాయి. ఎ వైపు ముందు, ఆర్ వైపు ఆలస్యం. చివరి సవరణలు దానితో చేయండి.

పని అవ్వగానే తాళం ఆపండి. పాయింట్లు కలిసి ఉండగా తాళం వేసి వదిలేస్తే కాయిలు వేడెక్కి పాడవుతుంది. గేరు న్యూట్రలుకు తెచ్చి హ్యాండ్‌బ్రేకు వేయండి. ప్లగ్గుల సందు 0.025 అంగుళం ఉందో లేదో చూసి బిగించండి. స్ట్రోబు లైటు ఉంటే వాక్యూం గొట్టం తీసి ఇంజను నడుపుతూ గాటు చూడండి. వేగం పెంచితే గాటు ఇంకా ముందు వైపు జరిగినట్టు కనిపించాలి. జరగకపోతే లోపలి బరువులు పట్టేశాయి, నూనె వేయాలి. ఇంజను నడుస్తున్నప్పుడు కొంగు, జుట్టు, చొక్కా చేతులు ఫ్యానుకు దూరంగా ఉంచండి. ప్లగ్గు తీగలు ముట్టుకోవద్దు.

కొండ మీద పరీక్ష

ఇప్పుడు ఫీల్డ్స్ హిల్ మీదికి తీసుకెళ్లండి. ఇంజను బాగా వేడెక్కాక టాపు గేరులో యాక్సిలరేటరు తొక్కండి. చెవి పెట్టి వినండి. రేకు డబ్బాలో గులకరాళ్లు ఆడించినట్టు గలగలమంటే రవ్వ మరీ ముందు పడుతోంది. వెంటనే యాక్సిలరేటరు వదలండి. ఇంటికి వచ్చి ఒకటి రెండు డిగ్రీలు ఆలస్యం చేయండి. ఆ చప్పుడు విని ఊరుకుంటే పిస్టనుకు రంధ్రం పడవచ్చు. అప్పుడు నిజంగానే ఇంజను అయిపోతుంది.

పుస్తకంలో లెక్క ఉండగా చెవి ఎందుకు? ఆ లెక్క రాసిన రోజుల్లో పెట్రోలులో సీసం కలిపేవారు. మన దేశంలో 2006లో అది ఆగిపోయింది. పెట్రోలు మారింది, ఇంజను మారలేదు. తీరంలో 95 వాడతాం. జోహన్నెస్‌బర్గు వైపు గాలి పలచన, అక్కడ 93 సరిపోతుంది. అక్కడి 93 ట్యాంకులో నింపుకొని డర్బను దిగి వచ్చిన బంధువు కారు గలగలమంటే ఆశ్చర్యపోకండి. పుస్తకం మొదటి అడుగు చెబుతుంది. చివరి అడుగు చెవి చెబుతుంది.

మీ తాతగారు చెవితోనే సరిచేసేవారని ఉత్తరంలో రాశారు. ఆ చెవి పుట్టుకతో వచ్చింది కాదు. వందసార్లు విని, వందసార్లు కదిపి నేర్చుకున్నది. దాన్ని ఎవరూ రాసి పెట్టరు. పక్కన నిలబడి నేర్చుకోవాలి. పాయింట్లు తీసేసి ఎలక్ట్రానిక్ పెట్టె వేయించుకోవచ్చు, అందులో తప్పు లేదు. మడమ అరుగుడు ఉండదు. కాని దానికీ మొదటి అడుగు ఎవరో పెట్టాలి. ఆ ఎవరో మీరే ఎందుకు కాకూడదు?

ఇదంతా చేశాక కూడా కారు లాగకపోతే నాలుగు సిలిండర్ల కంప్రెషన్ కొలిపించండి. అంకెలు తక్కువగా వస్తే, ఒకదానికొకటి పొంతన లేకపోతే, కొనేవాడి మాటే నిజమని ఒప్పుకోవాలి. టైమింగు అన్ని రోగాలకూ మందు కాదు. కాని కొలిచి అమ్మడం వేరు, పక్కవాడి నోటి మాట మీద అమ్మడం వేరు. నెలాఖరుకు ఇంకా రోజులున్నాయి. ఈ ఆదివారం నాన్నగారిని కారు తోయమనండి. బల్బు మీరు పట్టుకోండి. వెలిగినప్పుడు ఆయనకు కూడా చూపించండి.

ఈ నెల అభ్యాసం

1. కింది మాటలకు జంట రాయండి: ఆపుతాం, ఆర్పుతాం, కాలుస్తాం, విరుస్తాం. మొదటిదానికి జవాబు ఇస్తున్నాను: ఆపుతాం, ఆగుతుంది.

2. ఏది తప్పు, ఎందుకు? "బల్బు వెలిగించింది." "పాయింట్లు తెరుచుకున్నాయి." "నేను ఇంజను తిరిగాను."

3. మీ ఇంట్లో చేతి పని తెలిసిన పెద్దవారి పక్కన ఒక గంట నిలబడండి. కుట్టు మిషను కావచ్చు, పచ్చడి కావచ్చు, తోటపని కావచ్చు. "ఇది ఎప్పుడు అయిందని మీకు ఎలా తెలుస్తుంది?" అని తెలుగులో అడగండి. వారి జవాబు ఐదు వాక్యాల్లో రాసి పంపండి. ఇంగ్లీషు మాట వస్తే రానివ్వండి, క్రియ మాత్రం తెలుగులో ఉండాలి.